తగిలింది, తగిలించాడు: బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలో ఒక ఫిర్యాదు

బెంగళూరులో కొన్ని సంస్థల్లో, లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీల్లో నేను బయటి సభ్యురాలిని. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం, 2013 ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఈ కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా, అంటే కమిటీ అధ్యక్షురాలిగా ఉంటారు. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలి, ఒకరు సంస్థకు సంబంధం లేని బయటివాళ్ళు కావాలి. ఆ ఒకరిగా నన్ను పిలుస్తారు. ఇదే చట్టంలోని 16వ సెక్షన్ ఫిర్యాదు వివరాలు బయట పెట్టకూడదంటుంది. అయితే ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా, జరిగిన న్యాయం గురించి చెప్పవచ్చని కూడా అంటుంది. ఆ వీలు ఉంది కాబట్టే రాస్తున్నాను. ఫ్యాక్టరీ ఏ ప్రాంతంలో ఉందో, ఏ సంవత్సరం జరిగిందో, ఎవరికి కుడుతుందో చెప్పను. చిన్న వివరాలు కొన్ని మార్చాను. జరిగిన వరుసనూ, మేం చేసిన తప్పులనూ మార్చలేదు.

నేపథ్యం

పీణ్య, బొమ్మనహళ్ళి, మైసూరు రోడ్డు వైపు ఉన్న గార్మెంట్ ఫ్యాక్టరీల్లో తెలుగు వినపడని లైన్ అరుదు. హిందూపురం, మడకశిర నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఉంటారు. బాగేపల్లి, పావగడ నుంచి వచ్చి, కర్ణాటకవాళ్ళే అయినా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉంటారు. నేను చెప్పే ఫ్యాక్టరీలో వెయ్యికి కొంచెం తక్కువ మంది పనిచేస్తారు. మిషన్ల మీద ఉన్నది దాదాపు అందరూ ఆడవాళ్ళే. సూపర్‌వైజర్లు, ఫ్లోర్ ఇన్‌చార్జ్, ప్రొడక్షన్ మేనేజర్ మగవాళ్ళు.

లైన్ ఎలా నడుస్తుందో తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. షర్ట్ ఒకరు కుట్టరు. ఒకరు కాలర్ ఎక్కిస్తే, ఇంకొకరు కఫ్, మరొకరు సైడ్ కుట్టు. బండిల్, అంటే కుట్టాల్సిన ముక్కల కట్ట, ముందుకు కదులుతూనే ఉండాలి. గంటకు ఎన్ని పీసులో బోర్డు మీద రాస్తారు. ఆ లైన్ మీద సూపర్‌వైజర్‌కు మూడు అధికారాలు ఉండేవి. ఎవరు ఏ ఆపరేషన్ చేయాలో అతనే చెబుతాడు. పది నిమిషాలు ఆలస్యంగా వస్తే హాజరు వేయాలో వద్దో అతనే చెబుతాడు. మధ్యలో బయటికి వెళ్ళడానికి గేట్ పాస్ రాసేదీ అతనే. పిల్లకు జ్వరమని అంగన్‌వాడీ నుంచి ఫోన్ వస్తే, తల్లికీ బిడ్డకూ మధ్య ఉన్నది ఆ చిన్న కాగితమే.

నేను ఆ కమిటీలో అప్పటికి రెండేళ్ళుగా ఉన్నాను. మూడు నెలలకోసారి వెళ్ళేదాన్ని. ఫిర్యాదులు సున్నా అని మినిట్స్‌లో ఉండేది, సంతకం పెట్టి వచ్చేదాన్ని. ఏడాదికోసారి అవగాహన శిక్షణ జరిగేది. తెర మీద చూపించే బొమ్మల్లో ఏసీ ఆఫీసు, కంప్యూటరు, కాఫీ కప్పు, కోటు వేసుకున్న మేనేజరు. ఈ చట్టానికి మూలమైన విశాఖ తీర్పు, అంటే విశాఖ అనే మహిళా సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 1997లో వచ్చింది. దాని వెనుక ఉన్నది రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీ దేవి. ఆమె ఆఫీసులో కూర్చునే ఉద్యోగి కాదు, ఊళ్ళో తిరుగుతూ పనిచేసిన సాథిన్, అంటే ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో గ్రామ కార్యకర్త. అలాంటి కష్టజీవి వల్ల పుట్టిన చట్టాన్ని, అలాంటి కష్టజీవులకే, వాళ్ళకు సంబంధం లేని బొమ్మలతో చెప్పాం. నేనూ అక్కడ కూర్చుని చూశాను, అడ్డు చెప్పలేదు.

మా ముందుకు వచ్చిన కాగితం

ఫిర్యాదు నా దాకా వచ్చేటప్పటికి అర పేజీ ఇంగ్లీషు కాగితంగా మారింది. ఆమె ముప్పై దాటిన టైలర్, కాలర్ ఎక్కించడంలో ‘ఎ’ గ్రేడ్, అంటే నైపుణ్యంలో పై గ్రేడ్. కన్నడం అర్థమవుతుంది, మాట్లాడగలదు. గట్టిగా ఏదైనా చెప్పాలంటే మాత్రం తెలుగే వస్తుంది. ఆమె వెల్ఫేర్ ఆఫీసర్‌తో నోటితో చెప్పింది. వెల్ఫేర్ ఆఫీసర్ కన్నడ మనిషి, మంచి మనసున్న మనిషి. తనకు అర్థమైనంత ఇంగ్లీషులో టైప్ చేసింది. దాని సారం ఇది: పని చెబుతుండగా సూపర్‌వైజర్ చెయ్యి భుజానికి, వీపుకు తగిలింది, ఒకటికి రెండుసార్లు జరిగింది, ఆమెకు ఇబ్బందిగా అనిపించింది.

ఆ కాగితం కమిటీకి రాలేదు, ముందు హెచ్ఆర్‌కు వెళ్ళింది. హెచ్ఆర్ రెండు పనులు చేసింది.

మొదటిది, ఇద్దరినీ గదిలోకి పిలిచి సూపర్‌వైజర్‌తో సారీ చెప్పించింది. ‘పొరపాటున తగిలిందేమోనమ్మా, నువ్వు నాకు చెల్లెలి లాంటిదానివి’ అని అతను అన్నాడు. సరేనా అని ఆమెను అడిగారు. ఆమె తల ఊపింది. రాజీ కుదిరిందని రాసుకున్నారు. చట్టంలో రాజీకి దారి ఉంది, అది 10వ సెక్షన్. కానీ విచారణ మొదలు కాకముందు, బాధితురాలు తనంతట తాను అడిగితేనే, కమిటీ చేయించాలి. డబ్బు ప్రాతిపదికగా అసలు ఉండకూడదు. ఇక్కడ ఆమె అడగలేదు, కమిటీకి తెలియనే తెలియదు. నలుగురు పైఅధికారుల మధ్య నిలబడి తల ఊపడాన్ని ఒప్పుకోవడంగా లెక్క వేయకూడదు.

రెండోది, ఆమెను వేరే లైన్‌కు మార్చారు, ఆమె క్షేమం కోసమేనని. కొత్త లైన్‌లో కాలర్ పని ఖాళీ లేదు. లేబుల్ కుట్టే దగ్గర కూర్చోబెట్టారు. ‘ఎ’ గ్రేడ్ టైలర్ లేబుల్ దగ్గర కూర్చుంటే ఫ్లోర్ అంతా ఏమనుకుంటుంది? తప్పు చేసింది ఈమే అనుకుంటుంది. విచారణ సమయంలో బదిలీ, సెలవు లాంటి రక్షణలకు 12వ సెక్షన్ ఉంది. అవి కూడా ఆమె రాతపూర్వకంగా అడిగితే కమిటీ సిఫారసు చేయాల్సినవి. అడగకుండా ఇచ్చిన రక్షణ ఆమెకు శిక్షలాగే తగిలింది.

పది రోజుల తర్వాత ఆమె పనికి రావడం మానేసింది. అప్పుడు వెల్ఫేర్ ఆఫీసర్ నాకు ఫోన్ చేసింది. ‘మేడమ్, ఏదో తప్పు చేశామనిపిస్తోంది’ అంది. ఆ ఫోన్ రాకపోతే ఈ కేసు లేదు. అందుకు ఆమెకు నేను ఋణపడి ఉన్నాను.

మళ్ళీ మొదటి నుంచి

మొదట తేల్చుకోవాల్సింది, ఆ ఇంగ్లీషు కాగితం ఫిర్యాదా కాదా అన్నది. హెచ్ఆర్ వాదన, రాజీ అయిపోయింది కాబట్టి ముగిసిందని. నా వాదన, చట్టం ప్రకారం ఫిర్యాదు ఇంకా మొదలే కాలేదని. 9వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. రాసి ఇవ్వలేని స్త్రీకి, రాసి ఇచ్చేందుకు ప్రిసైడింగ్ ఆఫీసర్ గానీ సభ్యులు గానీ తగిన సాయం చేసి తీరాలి. ఆ సాయం ఎవరూ చేయలేదు. గడువు సంగతీ చూశాను. సంఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఒకదాని తర్వాత ఒకటి జరుగుతూ ఉంటే చివరి సంఘటన నుంచి లెక్క. తగిన కారణం ఉంటే, ఆ కారణం రాసి, కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వవచ్చు. మాకు ఇంకా మూడు వారాల పైనే ఉంది.

ఆమెను రమ్మని కబురు పెట్టాం. మొదటిసారి కాన్ఫరెన్స్ రూమ్‌లో కూర్చున్నాం. పెద్ద బల్ల, నీళ్ళ సీసాలు, అవతల నేనూ ఇంకో ముగ్గురూ. ‘ఏం జరిగిందో చెప్పమ్మా’ అన్నాను. ‘ఏం లేదు మేడమ్, వొదిలేయండి’ అంది. ఇరవై నిమిషాల్లో లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకోవడంపై కొత్త నిబంధన వచ్చినప్పుడు, ఇదే ఊళ్ళో వేలమంది గార్మెంట్ ఆడవాళ్ళు రోడ్ల మీదికి వచ్చారు. కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. వాళ్ళకు నోరు లేదనుకోవడం మన భ్రమ. ఆ గదిలో నోరు పెగలలేదంటే లోపం ఆ గదిలో ఉంది, నేను అడిగిన తీరులో ఉంది.

రెండోసారి ఫ్యాక్టరీలోని పిల్లల క్రెష్‌లో కలిశాం. సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక, చాప మీద కూర్చున్నాం. ఆమె, నేను, ప్రిసైడింగ్ ఆఫీసర్, అంతే. ఇలా విడిగా కలిస్తే మేం ఒక పక్షం వహించినట్టు అవుతుందా అని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు భయం వేసింది. న్యాయమైన భయమే. అయితే ఇది సాక్ష్యం తీసుకోవడం కాదు, ఫిర్యాదు రాయడానికి సాయం. వాంగ్మూలం తర్వాత కోరం ఉన్న, అంటే కావాల్సినంత మంది సభ్యులు హాజరైన కమిటీ ముందు మళ్ళీ తీసుకుంటాం. ఆ తేడాను ఆ రోజు నోట్‌లోనే రాసి పెట్టాం.

నాది మదనపల్లె వైపు. మా ఊరి తెలుగులోనే మొదలుపెట్టాను. పిల్లల గురించి, ఇంటి అద్దె గురించి కాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాను. ‘భుజానికి చెయ్యి తగిలింది’ అన్న చోట ఆమె నన్ను ఆపింది.

‘తగలడంగాదు మేడమ్. ఆయప్ప తగిలిస్తాడు.’

కేసంతా ఆ ఒక్క మాటలో ఉంది. తగిలింది అంటే చెయ్యి దానంతటదే తగిలింది, మధ్యలో మనిషి లేడు. తగిలించాడు అంటే మనిషి ఉన్నాడు, అతనికి ఉద్దేశం ఉంది. ఆమె మొదటి నుంచీ రెండో మాటే చెప్పింది. అది తెలుగు నుంచి కన్నడం, కన్నడం నుంచి ఇంగ్లీషు దాటేసరికి మొదటి మాటగా మారింది. ఆ కాగితం చూపించే, పొరపాటున తగిలిందని సూపర్‌వైజర్ తప్పించుకున్నాడు.

ఆ సాయంత్రం రెండు గంటలు ఆమె చెప్పినట్టే తెలుగులో రాశాను. గేట్ పాస్ అడిగితే లైన్ చివరికి రమ్మంటాడు. రాస్తూ రాస్తూ నడుము మీద చెయ్యి పెడతాడు. ‘నువ్వు నవ్వితే పాస్ తొందరగా వస్తుంది’ అంటాడు. పక్కకు జరిగితే మర్నాడు కాలర్ నుంచి తీసేసి దారాలు కత్తిరించే దగ్గర కూర్చోబెడతాడు. అంతా చదివి వినిపిస్తే ఇంకో మాట దిద్దించింది. నేను ‘బాధ కలిగింది’ అని రాశాను. ‘బాధ గాదు, కోపమొచ్చింది అని రాయండి’ అంది. అలాగే రాశాను.

అదే రోజు ఆమె ఇంకో కాగితం రాయించింది. తన పాత లైన్‌కు, పాత ఆపరేషన్‌కు తనను పంపాలని, విచారణ అయ్యేదాకా అతన్ని అక్కడి నుంచి తప్పించాలని. కమిటీ సిఫారసు చేసింది. అతన్ని స్టోర్స్‌కు పంపారు. ఆమె ఆ తర్వాతి సోమవారం కాలర్ మిషన్ మీదికి వచ్చింది.

విచారణ

ఫిర్యాదు కాపీని 7 పని దినాల్లోపు అతనికి పంపాం. 10 పని దినాల గడువులో జవాబు వచ్చింది. మిషన్ల మధ్య దారి ఇరుకు, నడిచేటప్పుడు ఎవరి చెయ్యి ఎవరికైనా తగులుతుంది, ఆమె పని బాగాలేదని అన్నందుకు కక్ష కట్టింది, ఇదీ అతని జవాబు. లాయర్‌ను తెచ్చుకుంటానన్నాడు. నిబంధనలు ఒప్పుకోవని చెప్పాం, ఆమెకైనా అతనికైనా. అతని ప్రశ్నలు రాసి ఇమ్మన్నాం, ఆమెను మేమే అడిగాం. అతను చెప్పేది ఓపిగ్గా వినడం నాకు ముఖ్యం. ఆ రోజు అతని ముఖంలో నిజమైన భయం చూశాను. ఇతనికీ ఇల్లుంది, పిల్లలున్నారు. తప్పు తేలకుండా శిక్ష పడకూడదు.

ఇరుకు దారి వాదనను కొట్టిపారేయకుండా ఫ్లోర్ మీదికి టేపు పట్టుకుని వెళ్ళాం. ఆ దారిలోంచే బండిళ్ళ ట్రాలీ రోజంతా తిరుగుతుంది. ట్రాలీ ఎవరికీ తగలకుండా పోయే దారిలో, దానికన్నా సన్నని మనిషి తగలకుండా పోవచ్చు. పైగా ఆమె చెప్పిన సంఘటనలు దారిలో జరగలేదు. లైన్ చివర, అతని బల్ల దగ్గర జరిగాయి. అక్కడ ఇరుకు లేదు.

సాక్షుల దగ్గర దెబ్బ తిన్నాం. చుట్టుపక్కల మిషన్ల నుంచి ఆరుగురిని పిలిచాం. ఆరుగురూ ‘నాకు తెలీదు మేడమ్, తల వంచుకుని కుట్టుకుంటాంటాను’ అన్నారు. ఆ సాయంత్రమే ప్రొడక్షన్ మేనేజర్ అడిగాడు, సాక్ష్యం లేదు కదా, తప్పుడు ఫిర్యాదు కింద 14వ సెక్షన్ పెట్టరా అని. ఆ సెక్షన్‌ను అలా చదవకూడదు. రుజువు చేయలేకపోవడం వేరు, దురుద్దేశంతో అబద్ధం చెప్పడం వేరు. రుజువు కానంత మాత్రాన ఫిర్యాదు తప్పుడుదైపోదని చట్టంలోనే రాసి ఉంది. దురుద్దేశాన్ని విడిగా విచారించి తేల్చాలి. ఈ మాట మినిట్స్‌లో రాయించాను, తర్వాత ఎవరూ మళ్ళీ ఎత్తకుండా.

అప్పుడు ప్రశ్న మార్చుకున్నాం. ‘అతను చెయ్యి వేయడం చూశావా’ అని అడిగితే అవునన్న మనిషి కూడా రేపు గేట్ పాస్‌కు ఇబ్బంది పడుతుంది. అందుకని ఆ ఊసెత్తకుండా, ఇంకొందరిని ఒక్కొక్కరినే పిలిచి, మీ లైన్‌లో గేట్ పాస్ ఎలా అడగాలి అని మాత్రమే అడిగాం. మూడో ఆమె, పెద్దావిడ, కాసేపు చేతులు చూసుకుని ఇలా అంది: ‘పాస్ కావాలంటే పక్కన ఎవురూ లేనప్పుడు పోయి అడగాల. అదే ఆయప్ప రూలు. మాకు వయసైపాయ, మా జోలికి రాడు. చిన్న పిల్లోళ్ళకే కష్టం.’

రికార్డులు కూడా చూశాం. గేట్ పాస్ పుస్తకం అంత ఉపయోగపడలేదు, ఇచ్చినవే అందులో ఉంటాయి, కాదన్నవి ఉండవు. రోజువారీ ప్రొడక్షన్ షీట్లు ఉపయోగపడ్డాయి. మూడు నెలల్లో ఆమెను కాలర్ నుంచి తొమ్మిది సార్లు తీసేశారు. అదే గ్రేడ్‌లో ఉన్న ఇంకో టైలర్‌ను రెండుసార్లే. ఆమెకు తేదీలు గుర్తులేవు, పిల్లకు జ్వరం వచ్చిన రోజులు గుర్తున్నాయి. ఇంట్లో డబ్బాలో ఈఎస్ఐ డిస్పెన్సరీ చీటీలు దాచుకుంది. ఆ తేదీల్లో నాలుగింటికి మర్నాడే ఆమె పేరు దారాలు కత్తిరించే దగ్గర ఉంది. ఎందుకు మార్చావని అతన్ని అడిగితే ఒక్కదానికీ కారణం చెప్పలేకపోయాడు.

ఇది క్రిమినల్ కోర్టు కాదు, అక్కడిలా సందేహానికి తావు లేని రుజువు అక్కర్లేదు. రెండు కథల్లో ఏది నిజమయ్యే అవకాశం ఎక్కువో తేల్చాలి. 3వ సెక్షన్ చెప్పే సందర్భాలు, పనిలో మేలు చేస్తానన్న ఆశ, కీడు చేస్తానన్న బెదిరింపు, రెండూ ఇక్కడ మాటల్లో కన్నా షీట్లలో స్పష్టంగా కనబడ్డాయి. ఫిర్యాదు రుజువైందని నలుగురం ఏకగ్రీవంగా రాశాం. 90 రోజుల గడువులో 83వ రోజున ముగిసింది. ఆ తర్వాత 10 రోజుల్లోపు నివేదిక ఇచ్చాం.

ఏం సిఫారసు చేయాలన్న దాని మీద చాలాసేపు వాదించుకున్నాం. ఉద్యోగం నుంచి తీసేయమని ఒకరు అన్నారు. ఆమెను అడిగితే ‘ఆయప్ప పెండ్లాం బిడ్డలు నన్ను తిట్టకూడదు, ఆడోళ్ళ మీద అధికారం మాత్రం ఇవ్వొద్దు’ అంది. నిర్ణయం కమిటీదే. అయినా ఆ మాట మా మనసులో పనిచేసింది. సూపర్‌వైజర్ పదవి నుంచి తప్పించడం, ఇంక్రిమెంట్ ఆపడం, రాతపూర్వక క్షమాపణ, ఆమె పోగొట్టుకున్న ఇన్సెంటివ్‌ను అతని జీతం నుంచి పరిహారంగా ఇప్పించడం సిఫారసు చేశాం. యాజమాన్యం 60 రోజుల గడువులోనే అమలు చేసింది. రెండు నెలలకు అతను రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఇంకో ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేరాడని విన్నాను. అక్కడి వాళ్ళకు ఫోన్ చేసి చెప్పే అధికారం గోప్యత వల్ల నాకు లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

నివారణ ఎక్కడ మొదలైంది

నివేదిక చివర్లో ఒక పేజీ అదనంగా రాశాను. ఒక మనిషిని తప్పించినా ఆ బల్ల, ఆ గేట్ పాస్ పుస్తకం అక్కడే ఉంటాయి. వేధింపు ఆ చిన్న అధికారం మీద నిలబడింది. అందుకని గేట్ పాస్‌ను సూపర్‌వైజర్ చేతిలోంచి తీసేయమన్నాం. ఇప్పుడు ఫ్లోర్ మధ్యలో, అందరికీ కనబడేలా కౌంటర్ ఉంది. వెల్ఫేర్ విభాగంలో పనిచేసే అమ్మాయి రాస్తుంది. కాదంటే ఆ కాదన్నది కూడా పుస్తకంలో ఎక్కుతుంది. ఆపరేషన్ మార్చితే షీట్‌లో కారణం రాయాలి. ప్రొడక్షన్ మేనేజర్ మొదట ఒప్పుకోలేదు, షిప్‌మెంట్ రోజుల్లో టైమ్ ఎక్కడిదని. ఒక్క లైన్‌లో నెల రోజులు చేసి చూపించాక, పీసులు తగ్గలేదని తేలాక ఒప్పుకున్నాడు.

సూపర్‌వైజర్లకు శిక్షణ మార్చాం. చట్టం సెక్షన్లు పది నిమిషాలు. మిగతా గంటంతా, కుట్టు తప్పుగా పడితే మనిషిని తాకకుండా, మీదికి వంగకుండా ఎలా చెప్పాలన్నది. పీసు తీసి బల్ల మీద పెట్టి చూపించు, సుద్దతో గీసి చూపించు, అవసరమైతే ఆమెను లేపి నువ్వు కూర్చుని కుట్టి చూపించు. ఒక సూపర్‌వైజర్ నాతో అన్నాడు, ‘ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను మేడమ్, ఇలా ఎవరూ నేర్పలేదు’ అని. ఆ మాటను నేను నమ్మాను.

లైన్లకు తెలుగులో, కన్నడంలో, హిందీలో విడివిడిగా ఇరవై నిమిషాల సమావేశాలు పెట్టాం. గోడ మీద ఉన్న కమిటీ నోటీసు కూడా తెలుగులో పెట్టించాం. ఫిర్యాదు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాయాలని, చెప్పినామెకు చదివి వినిపించాకే ఇంగ్లీషు చేయాలని కమిటీ తీర్మానం చేసింది.

ఆ తర్వాతి ఏడాదిలో మూడు ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి రుజువైంది. ఒకటి ఆమె కోరిక మీదే రాజీ అయింది. ఇంకొకటి రుజువు కాలేదు. వార్షిక నివేదికలో మూడు అని చూసి యాజమాన్యం టెన్షన్ పడింది, బట్టలు కొనే కంపెనీ తనిఖీలో, అంటే బయ్యర్ ఆడిట్‌లో అడుగుతారేమోనని. అడిగితే నేనే మాట్లాడతానన్నాను. రెండేళ్ళు సున్నా అని సంతకం పెట్టిన చేత్తోనే ఈ మూడు మీద సంతకం పెట్టాను.

మొన్నటి సమావేశంలో పెద్దావిడ ఒకామె చెప్పింది, ఓవర్‌టైమ్ ఉన్న రాత్రుల్లో కౌంటర్ అమ్మాయి ఆరింటికే వెళ్ళిపోతోందని, అప్పుడు పుస్తకం మళ్ళీ సూపర్‌వైజర్ బల్ల మీదికి చేరుతోందని. వచ్చే వారం ఓవర్‌టైమ్ ఉన్న రోజు చూసుకుని, ఏడింటికి వెళ్తున్నాను.